అంగుళం సందు

ఇల్లు, మేడమీది వెనక గది
మంగళవారం మధ్యాహ్నం

గోరింకా,

మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఇది నాలుగోది. ఇందులో నిన్ను రమ్మని అడగను. ఎందుకు రావడం లేదనీ అడగను. ఒక సంగతి చెప్పాలి. చెప్పుకోవడానికి ఇంట్లో మరో మనిషి లేదు కాబట్టి నీకు రాస్తున్నాను. నాలుగో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఎండలు మొదలయ్యాయి కదా, జనం పాత గొడుగులు బయటికి తీస్తున్నారు. రోజుకి పది పన్నెండు వస్తున్నాయి బాగుచెయ్యమని. ఊచలు చాలలేదు. పాత ఊచల కట్ట ఈ వెనక గదిలో ఉంది. మీ అన్నయ్య పోయాక ఈ గది తలుపు నేను తీయలేదు. ఏడు నెలలు. నిన్న తీశాను. వాడి పనిముట్ల పెట్టె గోడవారగా అలాగే ఉంది. దానివంక చూడకుండా కట్ట తీసుకుని వచ్చేద్దామనుకున్నాను. కానీ కిటికీ దగ్గర ఏదో కనబడింది.

వాడు ఆ కిటికీకి చేసిన చెక్క తలుపు నీకు తెలుసుగా. అంగుళం ఎక్కువై, చట్రంలో పట్టక, బయట గోడమీదే బిగించి వదిలేశాడు. ఆ చెక్కకీ లోపలి అద్దానికీ మధ్య, పై మూలన, నల్లగుడ్డ ముక్క ఒకటి వేలాడుతోంది. గొడుగు గుడ్డే అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ గుడ్డే చూసిన కళ్ళు కదా, ఏది చూసినా అదే కనబడుతుంది. గాలికి కొట్టుకొచ్చి ఇరుక్కుందేమో అని అద్దంమీద గోటితో తట్టాను.

గుడ్డముక్క కళ్ళు తెరిచింది. నన్ను తలకిందులుగా చూసింది. నోరంతా తెరిచి ఆవలించి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

గబ్బిలం. నా బొటనవేలంత ఉంది. రెక్కలు ఎంత చక్కగా మడుచుకుందో చెప్పలేను. గొడుగు మడిచి తాడు చుట్టడం మీ ఇద్దరికీ ఎన్నిసార్లు నేర్పినా రాలేదు. దీనికి ఎవరు నేర్పారో.

ఇవాళ గొడుగులు ఇక్కడికే తెచ్చుకుని పని చేస్తున్నాను. వెలుతురు బాగానే ఉంది. నేను ఇటు, అది అటు, మధ్యలో అద్దం.

ఏం తింటున్నావో రాయి.

అమ్మ

*

రేవు, టిక్కెట్ల గది
సోమవారం

అమ్మా,

ఉత్తరాలన్నీ అందాయి. పని ఎక్కువగా ఉంది. ఉదయం మొదటి పడవ నుంచి సాయంత్రం ఆఖరి పడవ దాకా టిక్కెట్లు కోసేది నేనే. బాగానే ఉన్నాను. తింటున్నాను.

దీంతోపాటు నా నీలం కోటు పంపుతున్నాను. నడుం దగ్గర వదులైంది. మూడంగుళాలు లోపలికి కుట్టి పంపు. ఇక్కడ దర్జీలు లేక కాదు, నీ కుట్టు నాకు అలవాటు.

గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోకు. కరిస్తే ప్రమాదం అంటారు. అద్దం అసలు తీయకు. ఆ తలుపు ఎలాగూ పనికిరాదు కదా, తీయించేసి కొత్తది పెట్టించుకో. గబ్బిలం బాధా ఉండదు.

గోరింక

*

ఇల్లు, వెనక గది
శుక్రవారం

గోరింకా,

కోటు అందింది. మూడంగుళాలు అంటే ఎంతో తెలుసా నీకు. టేపు నా నడుముకి చుట్టి, మూడంగుళాలు బిగించి చూసుకున్నాను. ఊపిరి ఆడలేదు. తింటున్నానని ఉత్తరంలో రాశావు, కోటు మరో మాట చెప్పింది. అయినా అడిగినట్టే కుట్టి పంపుతున్నాను.

గబ్బిలం బాధ అన్నావు. బాధేముంది. అద్దం మధ్యన ఉంది, ముట్టుకునేది లేదు. కింద గట్టుమీద జీలకర్ర గింజల్లా నల్లగా రాల్చిపెడుతుంది. నేనెప్పుడూ ఊడ్చే గుడ్డముక్కల కన్నా అదెంత.

అది ఒళ్ళు శుభ్రం చేసుకోవడం చూడాలి నువ్వు. ఒక కాలితో వేలాడుతూ రెండో కాలితో దువ్వుకుంటుంది. చెవి వెనక, మెడ కింద, ఎక్కడా వదిలిపెట్టదు. తర్వాత ఒక రెక్క విప్పి, దాన్ని మొహంమీదికి లాక్కుని, లోపలి వైపంతా నాకుతుంది. నిన్న అలా విప్పినప్పుడు సందులోంచి ఎండ దానిమీద పడింది. ఎముకలన్నీ కనబడ్డాయి. మన గొడుగు లాగే ఊచలు, వాటిమీద గుడ్డ. లెక్కపెట్టాను. పెద్దవేళ్ళు నాలుగు, వాటి మధ్య తోలు. బొటనవేలు ఒక్కటే బయట, చిన్న కొక్కెంలా. అంటే అది చెయ్యే. ఒక చెయ్యంతా గొడుగైపోయింది.

గుడ్డ ఎక్కడ చిరుగుతుందో నన్నడుగు. మడతలో చిరుగుతుంది. ఎంత ఖరీదు గుడ్డైనా రెండు వానాకాలాలు మడిస్తే మడతలో వెలుగు కనబడుతుంది. ఇది రోజుకి ఎన్నిసార్లు మడుస్తుందో, ఒక్క మడతా నలగలేదు. ఎడమ రెక్కకి మాత్రం ఒక చోట చిల్లు ఉంది, పెసరగింజంత. ముల్లు గీసుకుందేమో. అయ్యో, దీనికి మాసిక ఎవరు వేస్తారు అనుకున్నాను.

ఇంకొకటి. నిన్న మీ అన్నయ్య పనిచేసిన వడ్రంగి కొట్టు మేస్త్రి వచ్చారు. కాఫీ ఇస్తే తాగకుండా తిన్నగా మేడెక్కి ఆ తలుపుని కొలవడం మొదలుపెట్టారు.

"ఎవరు రమ్మన్నారు మేస్త్రిగారూ?" అన్నాను.

"ఒకరు రమ్మనాలా అక్కగారూ? ఇరవై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. నా దగ్గర పని నేర్చినవాడు సొంతింటి కిటికీకి అంగుళం ఎక్కువ కోశాడంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? వాడున్నప్పుడూ చెప్పాను. అరపూట పనిరా, చిత్రిక పట్టెయ్, చట్రంలో కూర్చుంటుంది అని. 'ఉండనివ్వండి మేస్త్రీ, దానికింకా టైమవలేదు' అనేవాడు. తలుపు చెక్కడానికి టైమేమిటి, రైలా అది?"

"కొట్టులో వాడిని ఇంకా అంగుళం అనే అంటున్నారా?" అని అడిగాను.

ఆయన టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నారు. "వాడి మేకు ఉంది కదా గోడకి, చొక్కా తగిలించుకునేది. దాని కింద సుద్దతో అంగుళం అని రాసి ఉంది. ఎవరూ చెరపలేదు" అన్నారు.

తలుపు జోలికి రావద్దని చెప్పి పంపించేశాను.

ఎవరు పంపారో నాకు తెలియదనుకోకు.

అమ్మ

*

రేవు
బుధవారం

అమ్మా,

కోటు సరిపోయింది.

మేస్త్రిగారిని పంపింది నేనే. తప్పేముంది? వానలొస్తే ఆ సందులోంచి జల్లు లోపలికి కొడుతుంది, చెక్క ఉబ్బుతుంది, గోడ నానుతుంది. రెండేళ్ళుగా వచ్చినవాళ్ళందరూ దాన్ని చూసి నవ్వారు. అన్నయ్య చేసిన మంచి పనులు ఊళ్ళో ఎన్ని లేవు? బడిలో బల్లలన్నీ వాడివే. మనింటికి మాత్రం ఆ ఒక్కటీ గుర్తుగా మిగలాలా? నాకు అది కళ్ళముందు ఉండకూడదు. అది అక్కడున్నంత కాలం నేను ఆ ఇంటికి రాలేను. ఎందుకని అడగకు.

ఆ గబ్బిలానికి చూరు కింద ఎక్కడో చోటు దొరుకుతుందిలే.

గోరింక

ఆ చిల్లు ఇంకా పెద్దదయిందా?

*

ఇల్లు, వెనక గది
ఆదివారం

గోరింకా,

చిల్లు పెద్దది కాలేదు, మూసుకుపోయింది. నీ ఉత్తరం వచ్చేసరికి ఆవగింజంత ఉంది. ఇప్పుడు ఎండలో వెతికినా కనబడదు. ఆ చోట తోలు కాస్త తెల్లగా ఉంది, అంతే. ఎన్నేళ్ళుగా మాసికలు వేస్తున్నాను నేను. నా మాసిక ఎంత నేర్పుగా వేసినా మాసికని తెలుస్తుంది. ఇది సూదీ దారం లేకుండా, ఎగురుతూ ఎగురుతూనే కుట్టేసుకుంది.

నేను కాస్త ఆలస్యంగా రాస్తున్నానని కోప్పడకు. ఇక్కడ చాలా సంగతులు జరిగాయి. దానికి పిల్ల పుట్టింది.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే అది తలకిందులుగా లేదు. తల పైకి పెట్టి, బొటనవేళ్ళ కొక్కేలతో చట్రాన్ని పట్టుకుని వేలాడుతోంది. దానికేమో అయిందని హడలిపోయాను. చూస్తూ ఉండగానే కాళ్ళ మధ్య ఉన్న తోలుని ముందుకి వంచి దోసిలి పట్టింది. పిల్ల ఆ దోసిలిలోకి జారింది. కింద పడకూడదని అదొక్కతే అన్నీ అమర్చుకుంది, మంత్రసాని లేదు, పక్కన చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు. పిల్ల ఒంటిమీద బొచ్చు లేదు. తల్లిలో నాలుగోవంతు ఉంది. నువ్వు పుట్టినప్పుడు నన్ను ఎంత ఏడిపించావో, నిన్ను ఆ లెక్కన కనాలంటే నేను బతికేదాన్ని కాదు.

సందెవేళ తల్లి మేతకి పోతుంది. దాని ఎగురుడు కూడా పిట్టల్లా కాదు. పైకి లేవదు. పట్టు వదిలేసి కిందికి పడుతుంది. పడుతూ రెక్కలు విప్పుతుంది. పడడమే దానికి మొదలు. మొదట్లో పిల్లని పొట్టకి కరిపించుకునే పోయేది. బరువెక్కాక ఇక్కడే వేలాడదీసి పోతోంది. అది లేనంతసేపూ పిల్ల నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. నాకేమీ వినబడదు. తల్లికి వినబడుతుందేమో. తిరిగొచ్చిందంటే తిన్నగా దాని దగ్గరికే వస్తుంది.

మేస్త్రి మళ్ళీ వచ్చారు. ఈసారి కొత్త తలుపు చేసుకుని, భుజాన వేసుకుని వచ్చారు. "ఇరవై తొమ్మిది అంగుళాలు, అక్కగారూ. వెంట్రుకంత కూడా తేడా రాదు" అంటూ మేడెక్కారు. కిటికీ దగ్గర ముక్కాలిపీట వేసి కూర్చోమన్నాను. కూర్చున్నారు. చాలాసేపు అద్దంలోంచి చూశారు. పిల్ల తల్లి చంకలోంచి తల బయటికి పెట్టి ఆయన్ని చూసి ఆవలించింది.

"మర్యాద తెలియని పిల్ల" అన్నారు.

"తల్లి పోలిక" అన్నాను.

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, అద్దం దగ్గర పెట్టి, సందు ఎంతుందో అంచనా కట్టారు. "అరంగుళం అయితే ఇది పట్టదు. రెండంగుళాలయితే కాకి ముక్కు పెడుతుంది. సరిగ్గా అంగుళం. మా అంగుళంగాడు తెలిసి చేశాడా ఏమిటి ఇది?" అన్నారు. తర్వాత తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నారు. పిల్ల ఎగిరిపోయాక తలుపు సంగతి చూద్దామని, కొత్తది కింద పెరటి గోడకి ఆనించి పోయారు.

నువ్వు ఆ తలుపుని చూడలేనన్నావు. ఎందుకని అడగొద్దన్నావు, అడగను. కానీ పసిదాన్నీ దాని తల్లినీ ఇంట్లోంచి పొమ్మనడం నా వల్ల కాదు. నీకోసమైనా కాదు. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో.

ఆ కోటు ఇంకా సరిపోతోందా, మళ్ళీ వదులైందా? నిజం రాయి.

అమ్మ

*

రేవు, టిక్కెట్ల గది
గురువారం, మధ్యాహ్నం పడవ వెళ్ళాక

అమ్మా,

కోటు మళ్ళీ వదులైంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ పిల్ల నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుందని రాశావే, నీకేమీ వినబడదని, అక్కడే ఆగిపోతున్నాను ప్రతిసారీ. అందుకే చెబుతున్నాను. చదివాక నా మొహం చూడనంటే నీ ఇష్టం.

నా భోజనం సంచి గుర్తుందా, గళ్ళది? రెండేళ్ళ కిందట దాని జిప్పుకి పిడి ఊడిపోయింది. నీ కొలతల టేపు మొదట్లో ఇత్తడి బిళ్ళ ఉండేది కదా, అది పిడిగా బాగుంటుందనిపించింది. టేపు నుంచి ఒక అంగుళం ముక్క బిళ్ళతో సహా కత్తిరించి, జిప్పుకి తగిలించుకున్నాను. నీకు చెబితే తిడతావని చెప్పలేదు. రెండు రోజులకే ఆదివారం వచ్చింది. అన్నయ్య పనిముట్లు కొట్టులో ఉన్నాయని నీ టేపుతోనే కిటికీ కొలిచాడు. ముప్పై అని రాసుకున్నాడు. మొదటి అంగుళం లేని టేపది, నిజానికి కిటికీ ఇరవై తొమ్మిదే. వాడు కొట్టుకెళ్ళి మంచి టేపుతో ముప్పైకి కోశాడు.

తలుపు పట్టనప్పుడు నేను అక్కడే ఉన్నాను. నాకు వెంటనే అర్థమయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చెబుదామనుకునేలోపు మేస్త్రిగారు అంగుళం అని పేరు పెట్టేశారు. ఆ తర్వాత చెప్పడం రోజురోజుకీ కష్టమయింది. ఏదో ఒకరోజు చెబుతాలే, వాడు నా జుట్టు పట్టుకుని లాగుతాడు, అయిపోతుంది అనుకున్నాను. పదకొండు రోజుల జ్వరంలో పోతాడని ఎవరికి తెలుసు? నేను వచ్చేసరికి వాడికి మాట లేదు. కొట్టు వాళ్ళందరూ వచ్చి వాకిట్లో కూర్చుని, పాపం మా అంగుళం, పాపం మా అంగుళం అని ఏడుస్తుంటే నేను వంటింట్లో చెవులు మూసుకుని కూర్చున్నాను.

ఆ సంచి ఇంకా నా దగ్గరే ఉంది. భోజనం డబ్బా తీయాలంటే ఆ జిప్పు లాగాలి, ఆ బిళ్ళ పట్టుకోవాలి. చాలా రోజులు పట్టుకోలేక అలాగే ఉంచేస్తాను. సాయంత్రం డబ్బా అలాగే వెనక్కి పోతుంది. వేరే సంచి కొనుక్కోవచ్చు కదా అంటావు. కొన్నాను. దాంట్లో పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

తలుపు మార్చమన్నది వాన కోసం కాదు. ఇదే కారణం.

గోరింక

*

ఇల్లు, పెరడు
శనివారం, ఎండ దిగాక

గోరింకా, నా తల్లీ,

నీ మొహం చూడనంటానా. ఇన్ని నెలలుగా ఆ మొహం కోసమే కదా ఈ ఉత్తరాలన్నీ.

ఇప్పుడు నేనొకటి చెబుతాను. చదివాక నువ్వు నన్ను తిట్టు. పడతాను.

వాడికి తెలుసు.

తలుపు పట్టని మర్నాడు సాయంత్రం వాడు నా దగ్గర కూర్చుని, నేను గొడుగు గుడ్డ కొలుస్తుంటే చూశాడు. నేను ఒకటి ఉన్నచోటే సున్నా అనుకుని లెక్కపెడుతున్నాను. ఆ టేపు రోజూ పట్టుకునేదాన్ని, మొదటి అంగుళం పోయిన రోజే నాకు తెలిసింది. పని తొందరలో ఊరుకున్నాను. నీతో పాటు నేనూ చెప్పలేదు, చూశావా. వాడు టేపు లాక్కుని కొస చూశాడు. కత్తెర పెట్టిన కొస, ఎలుక కొరికింది కాదు. తర్వాత కొక్కేనికి వేలాడుతున్న నీ గళ్ళసంచి వంక చూశాడు. ఇత్తడి బిళ్ళ తళతళ మెరుస్తోంది దానికి. వాడు నేలమీద పడి నవ్వాడమ్మా. నేను లేపినా లేవలేదు.

"అమ్మా, నువ్వు నోరు మెదపకు. అది గోరింక. కడుపులో మాట దాచుకోలేదు. ఎన్నాళ్ళు ఊరుకుంటుందో చూద్దాం. అది వచ్చి చెప్పిన రోజే తలుపు చెక్కుతాను, అంతదాకా అంతే" అన్నాడు. రెండు రోజులని వాడు, వారమని నేను పందెం వేసుకున్నాం. ఇద్దరం ఓడిపోయాం. నువ్వు కొట్టుకి వాడి భోజనం తీసుకెళ్ళినప్పుడల్లా ఆ సంచి పట్టుకునే వెళ్ళేదానివి. ఇంటికొచ్చి "ఇవాళా చెప్పలేదమ్మా, బిళ్ళ మాత్రం నున్నగా తోమి పెట్టుకుంది" అని మురిసిపోయేవాడు. అంగుళం అన్న పేరు వాడికి ముద్దే. కొత్తవాళ్ళకి తనే చెప్పుకునేవాడు, నన్ను అంగుళం అంటారని.

మరి వాడు పోయాక నీకెందుకు చెప్పలేదంటావు. అదే నా తప్పు. వాడివన్నీ అందరివీ అయిపోయాయి. చొక్కాలు ఇచ్చేశాం, వాడి కబుర్లు కొట్టువాళ్ళు పంచుకున్నారు. వాడికీ నాకూ మాత్రమే తెలిసింది ఇదొక్కటే మిగిలింది. నీకు చెబితే అదీ అయిపోతుందని దాచుకున్నాను. నువ్వు దానివల్లే చిక్కిపోతున్నావని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆ రోజే పడవెక్కి వచ్చేదాన్ని.

ఇప్పుడు నిన్నటి సంగతి విను. నీ ఉత్తరం వచ్చింది నిన్న పగలు. చదివాక పెరట్లో కూర్చుండిపోయాను. మేస్త్రి వచ్చారు. ఆయనకి అంతా చెప్పాను, నీమీద కోపం పెట్టుకోకూడదని. ఆయన కొత్త తలుపు వంక చూశారు, పై కిటికీ వంక చూశారు. "అయితే రెండేళ్ళు నన్ను కూడా వెర్రివాణ్ణి చేశాడన్నమాట. టైమవలేదన్నది ఇందుకా" అన్నారు. ఎంతసేపు నవ్వారో.

అప్పుడే పిల్ల బయటికొచ్చింది. సందె వెలుతురింకా బాగానే ఉంది. తల్లి ముందే ఎగిరి పెరట్లో చుట్లు కొడుతోంది. పిల్ల తలుపు అంచుకి పాకి వచ్చి వేలాడింది. వారం రోజులుగా లోపలే రెక్కలు విప్పడం, మడవడం నేర్చుకుంటోంది, ఇవాళో రేపో అని నేను ముందే అనుకుని, బాగుచేసిన గొడుగులు నాలుగు తెరిచి, తిరగేసి, కిటికీ కింద పరిచి ఉంచాను. మేస్త్రి అవి చూసి "ఇదేం కొట్టు అక్కగారూ, ఆకాశంలోంచి బేరాలు రావాలా?" అన్నారు.

పిల్ల పట్టు వదిలేసింది. రాయిలా పడింది గోరింకా. గొడుగుకి జానెడు పైన ఉందనగా రెక్కలు విచ్చుకున్నాయి. ఊచ వెంట ఊచ, ఎక్కడా ముడతలేకుండా. మొట్టమొదటిసారి తెరిచిన గొడుగు కూడా ఎక్కడో పట్టేస్తుంది. అది పట్టలేదు. గొడుగు అంచుని రాసుకుంటూ పైకి లేచి, గోడ దాటి, తల్లి వెనకాల పోయింది. ఇద్దరం చూస్తూ నిలబడిపోయాం. ఇంత వయసొచ్చి నేను చూసిన పనితనంలో దానికి మించింది లేదు.

చీకటి పడేలోగా మేస్త్రి కొత్త తలుపు భుజానికెత్తుకున్నారు. "ఇరవై తొమ్మిదంగుళాల కిటికీ ఈ ఊళ్ళో ఇంకొకటి ఉండకపోదు" అని పట్టుకుపోయారు. ఈ పొద్దున చూస్తే తల్లీ పిల్లా ఇద్దరూ సందులో ఉన్నారు. నువ్వు చెప్పిన రోజు తలుపు చెక్కుతానన్నాడు మీ అన్నయ్య. నువ్వు చెప్పావు. చెక్కాలో ఉంచాలో ఇప్పుడు నీ మాట. వచ్చి, అద్దంలోంచి వాళ్ళని చూసి, తర్వాత చెప్పు. వాడి చిత్రిక పెట్టెలోనే ఉంది.

కోటు తెచ్చుకో. నేను గుడ్డ కత్తిరించలేదు. మూడంగుళాలూ లోపలికి మడిచి కుట్టాను, విప్పితే మళ్ళీ వచ్చేస్తుంది. నువ్వు ఎప్పటికీ అలాగే ఉంటావని నా చేతులు ఒప్పుకోలేదు.

ఆ గళ్ళసంచినే వాడు. బిళ్ళ పట్టుకుని జిప్పు లాగు. వాడు దాన్ని చూసి ఎంత నవ్వేవాడో తలుచుకో. డబ్బా తీసి, వేళకి, కడుపునిండా తిను.